కోడలు చర్చికి పిలిచింది, వెళ్లనా?

ప్రశ్న: మా అబ్బాయి ఆర్నెల్ల క్రితం ఇష్టపడి పెళ్లి చేసుకున్నాడు. కోడలిది క్రైస్తవ కుటుంబం. మంచి పిల్ల. వచ్చే ఆదివారం తనతో చర్చికి రమ్మంది. కాదనలేక సరేనన్నాను. అప్పటినుంచీ ఒకటే టెన్షన్. అక్కడ నన్నేం చేయమంటారు? చేయకపోతే కోడలు చిన్నబుచ్చుకుంటుందా? చేస్తే నా నమ్మకానికి ద్రోహం చేసినట్టా?

జవాబు: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతానమ్మా. ఆరాధనకు వెళ్లి కూర్చున్నంత మాత్రాన ఎవరూ క్రైస్తవులైపోరు. వాళ్ల నమ్మకం ప్రకారం కూడా అంతే. దానికి బాప్తిస్మం (క్రైస్తవంలోకి చేర్చుకునే నీటి సంస్కారం) ఉంది. క్యాథలిక్ చర్చిలోనైతే పెద్దవాళ్లకు అది ఇచ్చే ముందు మామూలుగా నెలల తరబడి బోధన ఉంటుంది. ఆదివారం మీరు అక్కడ అతిథి, అంతే.

తనది ఏ చర్చో ముందే అడగండి, ఎందుకంటే అన్నీ ఒకేలా ఉండవు. క్యాథలిక్ పూజ దాదాపు గంట పడుతుంది. బైబిల్ పఠనాలు, ప్రసంగం, తర్వాత అప్పం (రొట్టె), ద్రాక్షారసం, అన్నీ ఒక క్రమంలో సాగుతాయి. ప్రొటెస్టెంట్ చర్చిల్లో పాటలు, ప్రార్థన, వాక్యం (బైబిల్ మీద ప్రసంగం) ప్రధానం. పెంతెకొస్తు సంఘమైతే చేతులెత్తి పాడతారు, అందరూ ఒకేసారి గట్టిగా ప్రార్థిస్తారు, కొందరు ఏడుస్తారు కూడా. మొదటిసారి చూసేవాళ్లకు గుండె దడగా ఉంటుంది. ఎవరికో ఏదో అయిందని కంగారు పడకండి.

అందరూ లేచి నిలబడితే మీరూ నిలబడండి. అది మర్యాద, మొక్కు కాదు. మోకరించడం, సిలువ గుర్తు వేసుకోవడం మీకు అవసరం లేదు, కూర్చునే ఉండొచ్చు. ‘ఆమేన్’ అంటే ‘అలాగే జరుగుగాక’ అని. మనసులో లేనప్పుడు అనక్కర్లేదు. క్యాథలిక్ పూజ మధ్యలో పక్కవాళ్లు మీవైపు తిరిగి ‘మీకు సమాధానం (అంటే శాంతి) కలుగుగాక’ అంటారు, చేయి కలపవచ్చు కూడా. నవ్వుతూ అందుకోండి.

మీరు జాగ్రత్తగా ఉండాల్సింది ఒక్క చోటే. అప్పం, ద్రాక్షారసం ఇచ్చేటప్పుడు వరుసగా అందరూ లేస్తారు, లేదా పళ్లెం మీ దాకా వస్తుంది. పెట్టింది వద్దనడం బాగోదని తీసుకునేరు. అవి క్రీస్తు శరీర రక్తాలుగా మారతాయని క్యాథలిక్కుల విశ్వాసం. ఆయన మరణాన్ని జ్ఞాపకం చేసుకునే ఆచరణగా చాలామంది ప్రొటెస్టెంట్లు చూస్తారు. ఎలా చూసినా అది వాళ్లకు ఎంతో పవిత్రమైనది, సాధారణంగా బాప్తిస్మం పొందినవాళ్లకే ఇస్తారు. తీసుకోకుండా కూర్చుంటే ఎవరూ తప్పుపట్టరు. నమ్మకం లేకుండా తీసుకుంటేనే వాళ్ల మనసు నొచ్చుకుంటుంది. ఇక కానుకల సంచి అంటారా, అది ఆ సంఘస్థుల బాధ్యత. పక్కకు అందించేయొచ్చు.

కొన్ని చర్చిల్లో కొత్తగా వచ్చినవాళ్లను లేచి పేరు చెప్పమంటారు. చివర్లో ‘ప్రార్థన కావాల్సినవాళ్లు ముందుకు రండి’ అని పాస్టర్ పిలవడమూ ఉంటుంది. వెళ్లకపోయినా ఫర్వాలేదు. కానీ నలుగురిలో అలా నిలబెడితే మీరు ఇబ్బంది పడతారని కోడలికి ముందే తెలియాలి.

అందుకే ఈ మాటలన్నీ నాతో కాదు, ఆదివారం లోపే తనతో చెప్పండి. ‘నీకోసం వస్తున్నానమ్మా. ప్రార్థన చేయలేను గానీ నీ పక్కన కూర్చుంటాను’ అనండి. తను పిలవడంలో మిమ్మల్ని మతం మార్చాలన్న ఉద్దేశం ఉందో లేదో ఆ మాటకు తనిచ్చే జవాబులోనే మీకు అర్థమవుతుంది. తనకు ప్రాణమైన చోటును అత్తగారికి చూపించాలన్న ఆశ మాత్రమే అయి ఉంటుందని నాకనిపిస్తోంది. ఒకవేళ ప్రతివారం రమ్మని పట్టుబడితే, ‘ఇక నావల్ల కాదమ్మా’ అని మీరే చెప్పండి. అబ్బాయిని మధ్యలో నిలబెట్టకండి, నలిగిపోతాడు.

వెనక వరుసలో, దారి పక్కన కూర్చోండి. ఉక్కిరిబిక్కిరిగా అనిపిస్తే కాసేపు బయటికి వచ్చి మళ్లీ వెళ్లొచ్చు. ఇంటికి వచ్చే దారిలో, ఆ రోజు పాడిన పాటల్లో తనకు ఏది ఇష్టమో అడగండి.