ఒక డయల్ కెమెరా చాలదా? రెండు డయళ్లున్నదే కొనాలా?

"రెండు కెమెరాల ఫొటోలూ ఇంచుమించు ఒకేలా ఉన్నప్పుడు, రెండు డయళ్లు (సెట్టింగులు మార్చే చక్రాలు) ఉన్న మోడల్‌కి అదనంగా డబ్బు పెట్టడం దండగ కాదా?" అని మీ ప్రశ్న. ఇంట్లో ఫంక్షన్లు, గుడి గోపురాలు తీసుకునేవాళ్లకి దండగే. పిట్టలు, జాతరలు తీసేవాళ్లకి మాత్రం కాదు.

మాది శ్రీకాకుళం. మొదట ఒకే డయల్ ఉన్న కెనాన్ 1500డి వాడాను, తర్వాత సెకండ్ హ్యాండ్‌లో రెండు డయళ్ల 80డి కొన్నాను. తేడా నాకు బాగా తెలిసింది టెక్కలి దగ్గర తేలినీలాపురంలో. చలికాలంలో అక్కడి చెట్ల మీద పెయింటెడ్ స్టార్క్ కొంగలు గూళ్లు కట్టుకుని ఉంటాయి. ముదురాకుల మధ్య తెల్లటి పిట్ట కూర్చుంటే, అంతా చీకటిగా ఉందనుకుని కెమెరా వెలుతురు పెంచేస్తుంది. ఈకలు సున్నం కొట్టినట్టు వస్తాయి. అందుకే ఎక్స్‌పోజర్ (ఫొటోకి అందే వెలుతురు) ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించి పెట్టుకుంటాం. అదే పిట్ట ఆకాశంలోకి లేచిందా, లెక్క తలకిందులు. అప్పుడు ఒక స్టాప్ పెంచాలి, లేదంటే నల్లటి ఆకారమే మిగులుతుంది. ఇదంతా అది మన ముందు నుంచి దాటిపోయేలోపు జరగాలి.

1500డిలో దీనికి బొటనవేలితో వెనకున్న ఏవీ (ఎక్స్‌పోజర్ మార్చే) బటన్ నొక్కి పట్టుకుని, చూపుడువేలితో పైనున్న డయల్ తిప్పాలి. షట్టర్ మీద ఉండాల్సిన వేలు అక్కడ ఉండదు, బొటనవేలి పట్టూ సడలుతుంది. పొడుగు లెన్సు బరువుకి కెమెరా ముందుకి వాలి, పిట్ట ఫ్రేమ్ దాటిపోతుంది. 80డిలో వెనకున్న గుండ్రటి చక్రాన్ని బొటనవేలితో తిప్పితే సరి. చూపుడువేలు షట్టర్ మీదే, కన్ను వ్యూఫైండర్‌లోనే ఉంటాయి. (ఆ చక్రానికి లాక్ ఉంటుంది. పడి ఉందేమో ముందే చూసుకోండి.)

విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం వేరే కథ. పొడవాటి మాను చివర పూజారి, వెనక మెరిసే ఆకాశం. కింద నీడలో జనం. ఈ రెండింటికీ వేర్వేరు సెట్టింగులు మోడ్ డయల్ మీది సీ1, సీ2 గుర్తుల్లో దాచుకుంటాను (ఇందాకటి రెండు డయళ్లకి ఇది వేరు). ఒకదాన్నుంచి ఇంకోదానికి మారాలంటే ఆ డయల్ మధ్య బటన్ నొక్కి తిప్పాలి, ఎడమచెయ్యి లెన్సుని వదలాలి. పిట్టల దగ్గర అలా కుదరదు గానీ, సిరిమాను మెల్లగానే కదులుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. నిజానికి ఆ తోపులాటలో డయళ్ల కంటే నాకు ఎక్కువ అక్కరకొచ్చింది పక్కకి తెరుచుకునే స్క్రీనే. కెమెరా తలపైకి ఎత్తి పట్టుకున్నాక వ్యూఫైండర్‌తో పనేముంది?

నికాన్ వైపు చూస్తుంటే డి5600కి ఒకే డయల్, డి7500కి రెండు. కాకపోతే నికాన్ జూమ్ రింగు కెనాన్‌కి ఎదురు దిశలో తిరుగుతుంది. అలవాటు పడేదాకా చిరాకే. షాపులో ఒక డయల్‌దీ, రెండు డయళ్లదీ చేతిలోకి తీసుకుని, వ్యూఫైండర్‌లోంచి కన్ను తియ్యకుండా ఎక్స్‌పోజర్ మార్చి చూడండి. వేలు తడుముకోవాల్సి వస్తే అది మీ చేతికి పడదు.