ఇంటి వెనుక గుంతలో అరుస్తున్నవి బోదురుకప్ప పిల్లలు కావు

మొదటి గట్టి వాన పడ్డ రాత్రి నుంచి మీ హన్మకొండ ఇంటి వెనుక గుంతలో చెవులు చిల్లులు పడేలా అరుస్తున్న బుడ్డ కప్పలు బోదురుకప్ప పిల్లలా, విషమా, కిరోసిన్ పోస్తే పోతాయా అని అడిగారు.

పిల్లలు కావండి. అరిచేవి ఈడొచ్చిన మగకప్పలే. మీరు చెప్పిన సైజు, వీపు మీద గోధుమరంగు ముగ్గు, సన్నటి మూతి చూస్తే మైక్రోహైలా ఆర్నేటా అనిపిస్తోంది. 1841లోనే శాస్త్రవేత్తలు పేరు పెట్టిన కప్ప ఇది. పూర్తిగా ఎదిగినా 2–3 సెంటీమీటర్లు దాటదు. 2015లో బంగ్లాదేశ్ నుంచి అచ్చం ఇలాంటిదే ఇంకో జాతిని వర్ణించారు. రెండిటినీ కంటిచూపుతో విడదీయడం మన వల్ల అయ్యే పని కాదు, వదిలేయండి.

కాజీపేటలో మేం ఇల్లు కట్టుకునే ఏడాది, మృగశిర కార్తె దాటిన వారానికి పునాది గుంతలు నిండిపోయాయి. దువ్వెన పళ్ల మీద గోరు గీసినట్టు ఒకటే మోత. టార్చ్ పట్టుకుని వెళ్తే అన్నీ గప్‌చుప్. లైట్ ఆర్పి పది నిమిషాలు కూర్చున్నాక ఒక ఇటుక పక్కన దొరికింది: బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దది, నల్లటి గొంతు సంచి మాత్రం దాని తలకంటే పెద్దగా ఉబ్బుతోంది.

పక్కనే వడ్డేపల్లి చెరువు ఉండగా ఈ మురికి గుంత దేనికి అని మీకూ అనిపించొచ్చు. చెరువులో చేపలుంటాయి, గుడ్లనూ పిల్లలనూ మింగేస్తాయి. వాన గుంతలో ఆ గొడవ లేదు. కాకపోతే గుంత ఎండేలోపు పెరిగి బయటపడాలి. పొద్దున చూస్తే నీటి మీద నల్ల గసగసాలు చల్లిన పలుచటి పొరలాగా గుడ్లు తేలుతుంటాయి. ఒకట్రెండు రోజుల్లో పిల్లలు వస్తాయి. ఈ తోక కప్పలు గాజులా ఉంటాయి, లోపలి పేగు చుట్టలు కూడా కనిపిస్తాయి. నీటి మధ్యలో కదలకుండా వేలాడుతూ, నీటిని వడగట్టి అందులోని సన్నటి నాచునీ నలుసుల్నీ తింటాయి. సుమారు నాలుగు వారాలకు కాళ్లొచ్చి గట్టెక్కుతాయి. దోమ పిల్లల్ని తింటాయని కొందరు చెప్తారు గానీ వడగట్టే నోటితో అది కాదు. పెద్దయ్యాక మాత్రం చీమలు, చెదలే ప్రధాన తిండి. ఇల్లు కట్టే వాళ్లకు ఇదేం చిన్న సాయం కాదు!

ఆ ఏడాది వానలు పది రోజులు మొహం చాటేసి గుంత అడుగంటింది. జాలిపడి ఓ యాభై పిల్లల్ని బకెట్‌లో వేసి నల్లా నీళ్లు నింపాను. తెల్లారేసరికి అన్నీ చచ్చి అడుగున ఉన్నాయి. నల్లా నీళ్లలో కలిపే క్లోరిన్ వాటిని చంపుతుందన్న సంగతి తట్టనే లేదు. మీకు కాపాడాలనిపిస్తే ఆ గుంతలోకే పట్టి ఉంచిన వాన నీళ్లు పోయండి.

మనిషికి వీటితో ప్రమాదం లేదు, ముట్టుకుంటే చేతులు కడుక్కుంటే సరి. కిరోసిన్ మాత్రం వద్దు, గుడ్లు తేలేది సరిగ్గా ఆ పైపొర మీదే. దోమల భయం ఉంటే, పిల్లలు గట్టెక్కాక గుంత పూడ్చేయండి. మోత అంటారా, మా దగ్గర వాన ఆగిన మూడో రాత్రికే తగ్గిపోయింది, అప్పటిదాకా కిటికీ మూసుకుని పడుకున్నాం.