ప్లీడరుగారు బారిస్టరయ్యాక

ప్రశ్న: టంగుటూరి ప్రకాశం పంతులుగారు రాజమండ్రిలో ప్లీడరుగా బాగానే సంపాదిస్తూ, మళ్ళీ ఇంగ్లండు ఎందుకు వెళ్ళారు? ఆ లా చదువు శాసనసభలో అక్కరకొచ్చిందా?

జవాబు: ఆయనది సెకండ్ గ్రేడ్ ప్లీడరు సన్నదు, అంటే వకీలు లైసెన్సు. అది కింది కోర్టుల వరకే. ఎంత పేరున్నా హైకోర్టులో నిలబడి వాదించే వీల్లేదు. ఇంగ్లండులో లా చదివి వచ్చిన బారిస్టరుకు ఆ అడ్డు లేదు. అందుకే 1904లో ఇంగ్లండు వెళ్ళి, 1907లో మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. 1921లో అంత ప్రాక్టీసునూ వదిలేసి స్వరాజ్య పత్రిక నడిపారు. డబ్బు లెక్కలో మాత్రం అది నష్టాల బేరం.

అక్కరకొచ్చిందా అంటే, నిక్షేపంగా వచ్చింది. 1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షులయ్యారు. భూమికి హక్కుదారు రైతేననీ, జమీందారు శిస్తు వసూలుదారు మాత్రమేననీ నివేదిక తేల్చింది. శిస్తులు 1802 నాటి, అంటే జమీందార్లతో శాశ్వత శిస్తు ఒప్పందం జరిగిన నాటి, స్థాయికి దించమంది. హక్కు ఎవరిదో తేల్చి, దాన్నిబట్టి పరిహారం అడగడం, లాయరు కోర్టులో దావా కట్టే పద్ధతే అది. అయితే 1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేయడంతో చట్టం కాలేదు. ఎస్టేట్ల రద్దు చట్టం 1948లోగానీ రాలేదు.

ఓట్ల లెక్కలు ఆయనకు అచ్చిరాలేదు. ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రిగా ఉండగా 1954 నవంబరులో, మద్యనిషేధం గొడవ మీద, ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది.