ముంపు ఊళ్ల వాళ్లకు తర్వాత పెంచుకోగలిగే ఇల్లు ఎలా కట్టాలి?

పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలోని ఉదండాపూర్ లాంటి రిజర్వాయర్ కింద ఊరు పోయిన కుటుంబాలకు, మెల్లగా గదులు కలుపుకునేలా ఇల్లు ఎలా డిజైన్ చేయాలని అడిగారు. ముందు వాకిలి చూడండి, గదులు తర్వాత. పాలమూరు పల్లెల్లో సగం సంసారం బయటే: గొర్రెలు, గడ్డివాము, ఎండబోసిన కందులు, ఎండాకాలం రాత్రి మంచాలు. ప్లాటు నడిమధ్యన ఇల్లు కడితే చుట్టూ పనికిరాని సందులే మిగులుతాయి. అందుకే ఓ మూలకు జరిపి ఒక గది, వంటిల్లు, బాత్రూం, వరండా కట్టి, రెండో గది వచ్చే వైపు పునాది ఇప్పుడే వేసి, రేపు తలుపు పెట్టే చోట పైన లింటెల్ (గోడ బరువు మోసే అడ్డ దూలం) పోసి కింద ఇటుకలు పక్క గోడతో కలపకుండా విడిగా పేర్చి ఉంచితే, కొడుకు పెళ్లినాటికి ఆ ఇటుకలు తీస్తే సరిపోతుంది.

నేలకు తాండూరు బండలు, గోడలకు ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) ఇటుకలు చాలు. పైకప్పుకు రేకులు మాత్రం వద్దు, మే నెలలో లోపల ఉడికిపోతారు. స్లాబ్ మీద తెల్ల పూత వేయండి, తెలంగాణ 2023లో ఇలా పైకప్పులు చల్లగా ఉంచే కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది. నల్లగొండ వైపైతే భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఉంది కాబట్టి స్లాబ్ మీది వాన నీళ్లు సంపులోకి మళ్లించాలి.

పశువులకు తాగునీరు, మేత భూమి 2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూల్‌లోనే (పునరావాస ఊళ్లో కల్పించాల్సిన సౌకర్యాల జాబితా) ఉన్నాయి, లేఔట్ గీసేటప్పుడే గట్టిగా అడగండి.