ఒప్పుకున్న రేటుకు వైరింగ్ చేయనంటున్న ఎలక్ట్రీషియన్‌ది తప్పేనా?

శ్లాబు పడినప్పుడు మెటీరియల్‌తో సహా ఒక రేటు ఒప్పుకున్న ఎలక్ట్రీషియన్, ఆరు నెలల తర్వాత వైర్ల ధర పెరిగిందని చెప్పి అదనంగా అడుగుతున్నాడని, ఇది న్యాయమేనా అని మీరు అడిగారు. నేను ఐటీఐ పూర్తిచేసి 2001 నుంచి తెనాలిలో ఇదే పని చేస్తున్నవాణ్ణి కాబట్టి నా జవాబు ఎటు మొగ్గుతుందో మీరు ముందే ఊహించి ఉంటారు. అడగడం న్యాయమే. ఎంత అడిగాడు, దేని మీద అడిగాడు అన్నదే మీరు చూడవలసిన విషయం.

ఇల్లు కట్టించేవారిలో చాలామంది వేసుకోని లెక్క ఒకటి ఉంది. ప్లగ్ పాయింట్లకు వాడే 2.5 స్క్వేర్ వైరు (అంటే తీగ మందం 2.5 చదరపు మిల్లీమీటర్లు) 90 మీటర్ల కట్టలో రాగి ఒక్కటే దాదాపు 2 కిలోలు ఉంటుంది. గీజరుకు, ఏసీకి లాగే 4 స్క్వేర్ కట్టలో 3 కిలోల 200 గ్రాములు ఉంటుంది. కిలో రాగి మీద 100 రూపాయలు పెరిగితే 2.5 కట్ట మీద 200 పెరుగుతుంది, ఆ 200 మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ పడుతుంది. 2020 మార్చి చివర్లో లండన్ మెటల్ ఎక్స్చేంజిలో టన్ను రాగి 5,000 డాలర్లకు లోపే ఉండేది. 2021 మే నెలలో 10,000 దాటింది. 2025 డిసెంబరులో 12,000 కూడా దాటింది, అప్పటికి డాలరు 90 రూపాయలకు చేరింది. అంటే కిలో 400 రూపాయలకు లోపున్న సరుకు 1,080 అయింది. సిమెంటు మీద పన్నును 2025 సెప్టెంబరులో 28 నుంచి 18 శాతానికి తగ్గించారని అందరూ సంతోషించారు గాని, వైర్ల మీద ఉన్న 18 శాతం అలాగే ఉండిపోయిన సంగతి మా వాళ్లకు తప్ప ఎవరికీ పట్టలేదు.

ధర పెరిగినప్పుడు కంపెనీ డీలరుకు కొత్త పట్టిక పంపుతుంది, డీలరు షాపుకు ఫోన్ చేస్తాడు, షాపు యజమాని ఈ రేటు ఈ వారానికే అని నాకు చెబుతాడు. నేను మాత్రం ఇంటి యజమానికి ఆరు నెలలకు మాట ఇవ్వాలి. ఈ వరుసలో ఉన్న అందరిలోకీ చేతిలో డబ్బు తక్కువ ఉన్నవాడే అందరికంటే ఎక్కువ కాలానికి పూచీ పడుతున్నాడు. ఇది ఎంత కష్టమో నాకు 2021లో తెలిసివచ్చింది.

2020 నవంబరులో మా ఊళ్లోనే రిటైరైన ఒక మాస్టారి ఇంటికి, కింద ఒకటి, పైన ఒకటి చొప్పున రెండు పెద్ద పోర్షన్లకు, మెటీరియల్‌తో సహా పని ఒప్పుకున్నాను. శ్లాబులో పైపులు వేశాం, సంక్రాంతి వెళ్లాక గోడలకు గాడులు కొట్టి బాక్సులు బిగించాం. ప్లాస్టరింగ్ పూర్తయ్యేసరికి మే నెల వచ్చింది, దానితోపాటు కరోనా రెండో విడత కూడా వచ్చింది. మధ్యాహ్నం పన్నెండు తర్వాత కర్ఫ్యూ కాబట్టి, తెల్లవారగానే ట్రాలీ ఆటో మాట్లాడుకుని విజయవాడ వెళ్లి, సరుకు ఎక్కించుకుని, వారధి దగ్గర పోలీసులు ఆపేలోగా తిరిగి రావాలన్నది నా ఆలోచన. నా చేతిలో ఉన్న చీటీలో అన్ని సైజులూ కలిపి 62 కట్టలున్నాయి. షాపు యజమాని చీటీ తీసుకుని, కాలిక్యులేటర్ మీద రెండుసార్లు కొట్టి చూసి, ‘నిన్న సాయంత్రం ఫోన్ చేసి ఉంటే పాత రేటుకే పక్కన పెట్టించేవాణ్ణి, పొద్దున్నే కొత్త లిస్టు వచ్చిందయ్యా’ అన్నారు. ఆ 62 కట్టల్లో రాగి సుమారు 95 కిలోలు. నవంబరుకూ ఆ రోజుకూ మధ్య కిలోకు 230 రూపాయల దాకా తేడా. పన్నుతో కలిపితే 26 వేలకు కొద్దిగా తక్కువ. ఆ పని మొత్తం మీద నాకు మిగులుతుందనుకున్నది 40 వేలు.

నా ముఖం చూసి ఆయన లోపలి నుంచి వేరే పేరున్న కట్ట ఒకటి తెప్పించారు. పెట్టె మీద అన్ని గుర్తులూ ఉన్నాయి, 2.5 స్క్వేర్ అని రాసి ఉంది, ధర మాత్రం సగానికి దగ్గర. చేత్తో ఎత్తగానే అనుమానం వచ్చింది. మేకులు తూచే కాటా మీద పెట్టించాను. రాగే 2 కిలోలు ఉండవలసిన కట్ట, ప్లాస్టిక్ తొడుగుతో కలిపి 1,600 గ్రాములు తూగింది. కొసన తొడుగు తీసి, ఒక పోగును బ్లేడుతో గీస్తే ఎర్రటి పూత లేచిపోయి లోపల తెల్లగా అల్యూమినియం కనిపించింది. నాతో వచ్చిన మా కుర్రాడు మాత్రం నా చెవి దగ్గర, ‘గోడలోకి పోయాక ఎవరు చూస్తారన్నా, లైట్ల వరకైనా ఇది లాగుదాం’ అన్నాడు. వాణ్ణి అక్కడే తిట్టాను గాని, ఆ అర నిమిషం నేనూ ఆలోచించాననే నిజాన్ని ఇక్కడ దాచడం ఎందుకు? అల్యూమినియం తీగ స్క్రూ కింద నలిగి వదులవుతుంది, వదులైన చోట వేడెక్కుతుంది, వేడెక్కిన చోట స్విచ్ బోర్డు నల్లబడుతుంది. అది జరిగేది మూడో ఏటనో నాలుగో ఏటనో కాబట్టి, ఆ నాటికి మాస్టారు ఫ్రిజ్ కంపెనీని తిట్టేవారేమో గాని నన్ను కాదు. అందుకే ఈ మోసం ఇంత సులువుగా నడుస్తోంది.

అసలు వైర్లే కొత్త రేటుకు ఎక్కించుకుని వచ్చి, సాయంత్రం మాస్టారికి బిల్లు చూపించాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని నింపాదిగా చదివి, ‘తగ్గి ఉంటే ఆ మిగిలినది తెచ్చి నాకు ఇచ్చేవాడివా?’ అని అడిగారు. నాకు జవాబు దొరకలేదు. ఆ ప్రశ్న సరైనదేనని ఇప్పటికీ ఒప్పుకుంటాను. 2022 మార్చిలో 10,000 డాలర్ల పైన ఉన్న రాగి జులై నాటికి 7,000 దగ్గరికి దిగినప్పుడు నా చేతిలో రెండు ఇళ్ల పనులున్నాయి, ఎవరికీ నేను రూపాయి తిరిగి ఇవ్వలేదు. షాపులో పెరుగుదల పూటలో వస్తుంది, తగ్గుదల మాత్రం పాత స్టాకు అయిపోయేదాకా రాదు అన్నది నిజమే అయినా, నేను ఇవ్వకపోవడానికి అదొక్కటే కారణం కాదు. మాస్టారి ఇంటి తేడా మాత్రం మొత్తం నేనే భరించాను. గృహప్రవేశంనాడు తాపీమేస్త్రీతో, వడ్రంగితో పాటు నాకూ పీటల మీద కూర్చోబెట్టి ప్యాంటు గుడ్డ, షర్టు గుడ్డ పెట్టారు.

ఆ తర్వాత నేను వైరింగ్‌కు రూపాయల్లో కొటేషన్ ఇవ్వడం మానేశాను. ఏ సైజు ఎన్ని కట్టలు పడతాయో కాగితం మీద రాసి ఇస్తాను, వైరు యజమాని పేరు మీద, యజమాని డబ్బుతో, వీలైతే ఒప్పుకున్న వారంలోనే కొనిపిస్తాను. రాగి వైరు ఎండకూ వానకూ దూరంగా పెడితే ఏడాదైనా పాడు కాదు, ఉల్లిపాయలు కాదు కదా. లేబరు మాత్రం ఒక్కో లైటు, ప్లగ్ పాయింటుకు ఇంత అని వేరుగా మాట్లాడుకుంటాను. ఎలక్ట్రీషియన్లకు షాపుల్లో కమీషన్ ఉంటుందని మీలో కొందరు అనుకుంటారు. అవును, కొన్ని కంపెనీల కట్టల్లో మాకు కూపన్లు ఉంటాయి, నేనూ తీసుకుంటాను, కాని ధర పెరిగిందని ఆ కూపన్ విలువ పెరగదు.

మీ విషయానికి వస్తే, ఆయన్ను ఒప్పుకున్న నాటి షాపు కొటేషన్ ఒకటి, ఇప్పటి బిల్లు ఒకటి తెమ్మనండి. తేడా వైరు మీద మాత్రమే ఇవ్వండి. కూలి మీద, స్విచ్చుల మీద అడిగితే ఒప్పుకోవద్దు. అసలు ఇవ్వనని పట్టుబడితే మాత్రం ఆయన ఆ లోటు ఎక్కడో ఒకచోట పూడ్చుకుంటాడు, ఎక్కువగా పూడ్చుకునేది, షాక్ కొట్టకుండా కాపాడే ఆకుపచ్చ ఎర్త్ వైరు దగ్గరే. ఫాల్స్ సీలింగ్‌కు, రంగుల లైట్లకు లక్షలు పెట్టి, కనపడని వైరు దగ్గర కట్టకు నాలుగు వందలకు బేరమాడే యజమానులను నేను చాలామందిని చూశాను. మీరు డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా, బోర్డులు బిగించేలోగా ప్రతి బాక్సులోనూ ఆ ఆకుపచ్చ కొస ఉందో లేదో మీరే స్వయంగా చూడండి.

పోయిన నెల మాస్టారు పై పోర్షన్‌లో ఏసీ పాయింటు పెట్టాలని కబురు చేశారు. వైరు తెస్తానంటే వద్దని, అప్పటి పనిలో మిగిలిన 4 స్క్వేర్ కట్ట ఒకటి అటక మీద నుంచి దింపించారు. నాకు కావలసిన ముప్పై మీటర్లు కొలిచి కోసుకుంటుంటే, ‘ఇప్పుడిది ఎంత పలుకుతోందయ్యా?’ అన్నారు. చెప్పాను. ఆయన కాసేపు కట్టనే చూసి, మిగిలిన వైరును పాత పంచెలో జాగ్రత్తగా చుట్టించి మళ్లీ అటక ఎక్కించమన్నారు.