ఎంఆర్ఐ నార్మల్ వచ్చాక ట్రోడాట్ స్కాన్ ఎందుకు?
కావలి తమ్ముడూ, నాన్నగారికి కుడిచెయ్యి వణుకుతోంది, ఎంఆర్ఐ నార్మల్, అయినా చెన్నై డాక్టరు ట్రోడాట్ స్కాన్ రాశారు, రేడియేషన్ అంటే టెన్షన్‌గా ఉంది అన్నావు. మామూలు ఎంఆర్ఐ చూపేది మెదడు ఆకారాన్ని. కదలికలను అదుపులో ఉంచే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు తగ్గాయా లేదా అన్నది అందులో తేలదు. ట్రోడాట్‌లో టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన మందు నరంలోకి ఎక్కిస్తారు. అది డోపమైన్‌ను కణంలోకి వెనక్కి లాక్కునే ట్రాన్స్‌పోర్టర్లకు అతుక్కుంటుంది. దాదాపు 4 గంటలు ఆగాకే స్కాన్, క్యారియర్ కట్టుకుని వెళ్లండి. బాగున్న మెదడులో రెండువైపులా కామా గుర్తుల్లా వెలుగుతుంది. పార్కిన్సన్స్‌లో ముందు తోక మాయమై చుక్క మిగులుతుంది. ఎసెన్షియల్ ట్రెమర్ (పార్కిన్సన్స్ కాని వేరే రకం వణుకు జబ్బు) అయితే కామాలు చెక్కుచెదరవు. ఈ తేడా కోసమే ఆయన రాసి ఉంటారు. టెక్నీషియం రేడియేషన్ ప్రతి 6 గంటలకూ సగమైపోతుంది, అంత భయం అక్కర్లేదు. నీళ్లు బాగా తాగించు. అన్నట్టు, డిప్రెషన్‌కి బ్యుప్రోపియాన్ లాంటిది వాడుతుంటే ముందే డాక్టరుకు చెప్పు, అది ఫలితాన్ని తారుమారు చేయగలదు. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు.