ఆయన చూస్తున్నది ప్రేమకథ కాదమ్మా

జగిత్యాల జిల్లా నుంచి ఒక గృహిణి రాసిన ఉత్తరం సారాంశం ఇది. "మావారికి 45 ఏళ్లు. దుబాయ్‌లో పనిచేసి వచ్చి ఇక్కడే ఎలక్ట్రికల్ షాపు పెట్టుకున్నారు. రెండు నెలలుగా రాత్రి షాపు మూసి వచ్చి, ఒక్కరే కూర్చుని 'కొత్త బంగారు లోకం' సినిమా చూస్తున్నారు. ఏడెనిమిది సార్లు అయ్యింది. హీరో తండ్రి ప్రకాశ్‌రాజ్ చనిపోయే దగ్గర ఆపేసి పడుకుంటారు. ఇంటర్‌లో ఎవరినైనా ప్రేమించారేమోనని నా అనుమానం. ఫోన్ చూడమంటారా? మా బాబు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో ఏడాది ఎంపీసీ చదువుతున్నాడు. మొదటి ఏడాది 470కి 318 వచ్చాయి. అప్పటి నుంచి వాడితో ఈయనకు మాటల్లేవు. ఈయన కూడా ఇంటర్ తప్పారట, మామగారు అప్పటి నుంచి ముఖం చూసి మాట్లాడలేదట. 2011లో మామగారు పోతే ఈయన పదకొండో రోజుకు గానీ రాలేకపోయారు."

అమ్మా, ఫోన్ చూడకండి. పాత ప్రేమ గుర్తొచ్చిన మనిషి పాటలు చూస్తాడు, ఆ అమ్మాయి వచ్చే సీన్లు చూస్తాడు, చివరిదాకా చూస్తాడు. ఆ సినిమాలో ప్రేమజంట బాలు, స్వప్నల కథ తేలేది ఆ తండ్రి పోయిన తర్వాతే కదా. మీవారు అక్కడిదాకా వెళ్లడమే లేదు. నిద్రపోతున్న భర్త ఫోన్ తీసి వెతకడం మీ గౌరవానికి తగిన పని కూడా కాదు. ఆ ప్రశ్నను ఇంతటితో వదిలేద్దాం.

ఆ సినిమా 2008 అక్టోబరులో వచ్చింది. అందులో కొడుకును నమ్మి చదువుకు పంపిన తండ్రి, ఆ చదువు పూర్తవకముందే పోతాడు. కొడుకుకు ఆయనతో చెప్పుకోవలసినదంతా మిగిలిపోతుంది. మీవారు ప్రతిసారీ సరిగ్గా అక్కడే ఆపేస్తున్నారు. మీవారికీ తండ్రితో మాట కలవకుండానే ఆయన పోయారు, కడచూపు కూడా దక్కలేదు. ఇప్పుడు ఆయన కొడుకు అదే ఇంటర్‌లో ఉన్నాడు, ఈయన అదే మౌనం పట్టారు. మీ ఉత్తరంలో చివరి నాలుగు ముక్కల్లో ఇదంతా ఉంది. మీరు మాత్రం అనుమానం గురించే రెండు పేజీలు రాశారు.

మార్కుల సంగతి త్వరగా చెప్పేస్తాను. 318 అంటే 67 శాతానికి పైనే. తెలంగాణలో 2023 నుంచి ఇంజనీరింగ్ ఎంట్రన్సు ర్యాంకుకు ఇంటర్ మార్కుల వెయిటేజీ తీసేశారు. గ్రూపు సబ్జెక్టుల్లో మొత్తం మీద 45 శాతం, రిజర్వేషన్ ఉంటే 40 శాతం ఉంటే చాలు. రెండో ఏడాది 530 మార్కులు ఇంకా చేతిలోనే ఉన్నాయి. ఈ మార్కులకు తండ్రి మాట్లాడటం మానేయాలా? తండ్రి పలకరింపుకు కటాఫ్ ఉండకూడదమ్మా.

ఇక మీ వంతు. ఆదివారం పది నిమిషాల ఫోన్‌లో తొమ్మిది నిమిషాలు మీరే మాట్లాడి, "నాన్న బాగా చదువుకోమన్నారు" అని చెప్పి పెట్టేస్తున్నానని రాశారు. మీరు మంచికే చేస్తున్నారు. కానీ మీరు మాట మోసినన్నాళ్లూ ఆ ఇద్దరికీ మాట్లాడుకునే అవసరం రాదు. ఈ మధ్యవర్తిత్వం మానేయండి.

ఈసారి ఆయన సినిమా పెట్టినప్పుడు పక్కన కూర్చోండి. మీ ఫోన్ వేరే గదిలో పెట్టండి. ఆయన ఆపేసినప్పుడు లేచి వెళ్లకండి. ఒకే ఒక్క మాట అడగండి: "మామయ్య మీతో చివరిసారి ఏం మాట్లాడారు?" జవాబు రాకపోవచ్చు. "ఇప్పుడెందుకవన్నీ" అని విసుక్కోవచ్చు. రెండోసారి అడగవద్దు. బాబు పేరు ఆ రాత్రి అస్సలు ఎత్తవద్దు, ఎత్తితే మీరు తప్పు పట్టడానికే కూర్చున్నారనుకుంటారు. జవాబు రెండు రోజుల తర్వాత అన్నం తింటున్నప్పుడు రావచ్చు, అప్పుడు వినండి.

హాస్టల్లో కలవనిచ్చే ఆదివారం ఆయన్ని ఒక్కరినే పంపండి. మీరుగానీ బాబు మేనత్తగానీ వెంట వెళ్తే వాడు మీతోనే మాట్లాడతాడు, ఆయన చెట్టు కింద నిలబడి ఫోన్ చూసుకుంటారు. బగారన్నం, కోడికూర పెట్టండి. గదిలో ఎంతమంది ఉన్నారో ముందే కనుక్కుని అంతమందికీ సరిపడా పెట్టండి, లేకపోతే మీవాడు తినకుండా పంచేస్తాడు. పొద్దున వండింది మధ్యాహ్నం దాటకముందే తినేయాలి. సకినాలు మాత్రం పది రోజులైనా ఉంటాయి.

ఇలాంటి రోజులు ఎక్కువగా చెడిపోయేది ఒక్క కారణంతోనే. తండ్రి ముందు వార్డెన్ దగ్గరికి వెళ్తాడు, ఆయన వీక్లీ టెస్టుల షీటు చేతిలో పెడతాడు, ఆ కోపంతో పిల్లాణ్ని చూస్తాడు. వరస మార్చమనండి: ముందు కొడుకు, తర్వాత భోజనం, వచ్చేటప్పుడు వార్డెన్. మొదటి గంట చదువు మాట వద్దు. ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన కూర్చుంటే ఇద్దరికీ తేలిక. ఎలా ఉన్నావంటే "బాగానే ఉన్నా" అంటాడు, అక్కడ తండ్రి కంగారుపడి ఉపన్యాసం మొదలుపెట్టకూడదు. "నేనూ ఇంటర్ తప్పాను, మీ తాతయ్య నాతో మాట్లాడలేదు, నాకు చాలా కష్టమనిపించింది" అని ఒక్కసారి చెప్తే చాలు. ఆ మాట మీరు చెప్పకూడదు, ఆయన నోటి నుంచే రావాలి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయవద్దు. బాబు నిద్రపోవడం లేదన్నా, అన్నం మానేస్తున్నాడన్నా, తన వస్తువులు ఎవరికైనా ఇచ్చేస్తున్నాడన్నా, "నేను లేకపోయినా మీకేం" లాంటి మాట అన్నా, ఆ రోజే ఇంటికి తీసుకురండి. ఒంటరిగా వదలవద్దు, డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. పరీక్ష మళ్లీ రాసుకోవచ్చు.

వచ్చే ఆదివారం హాస్టల్ నుంచి ఫోన్ మోగినప్పుడు మీరు వంటింట్లో ఉండండి. పొయ్యి మీద ఏదైనా పెట్టుకోండి, చేతులు ఖాళీ లేవని చెప్పడానికి వీలుగా. ఆయనే ఎత్తుతారు.